అందుకునే చెయ్యి

తాటిచెట్టు మీద ఒక మనిషి ఉంటే చెట్టు కింద ఇంకో మనిషి ఉండాలి. మొగులయ్య ఊళ్ళో వాగు ఒడ్డు తాటిచెట్లు మరీ ఎత్తు. నిండిన మట్టి లొట్టిని నడుముకు వేలాడదీసుకుని దిగడం ఎంతటి కల్లు గీతగాడికైనా కష్టమే. అందుకని అక్కడ కల్లు లొట్టిని తాడు కట్టి దించుతారు. కింద నిలబడ్డవాడు రెండు చేతులా అందుకుంటాడు. ఇందులో ఏముంది, కుండ పట్టుకోవడమేగా అని తేలిగ్గా అనేవాళ్ళు నిండు కుండను ఎప్పుడూ అందుకుని ఉండరు. పైవాడు తాడు వదులుతూ కిందికి చూడడు. కింద చెయ్యి ఉందన్న ధీమాతోనే వాడు పైన నిలబడతాడు.

మొగులయ్య ముప్పై ఏళ్ళు చెట్టు పైన ఉన్నాడు. ఒక్కసారి పడ్డాడు, ఆ ఒక్కసారికే కాలిలో ఇనుప కడ్డీ వచ్చి చేరింది. తర్వాత మూడేళ్ళు కింద నిలబడి, అల్లుడు పర్శరాములు దించిన లొట్టిలు అందుకున్నాడు. అంతలో హైదరాబాదు శివార్లలో ఒక పరిశోధనశాలలో గాజుసామాను కడిగే కొలువు దొరికింది. కుంటికాలికి కుదిరే పని. "నువ్వు పో మామా, నేను జూసుకుంట" అన్నాడు పర్శరాములు. మొగులయ్య కొలువులో చేరిన అయిదో రోజు పొద్దున, చైత్రమాసంలో, అల్లుడు నిండు లొట్టిని తాడుతో దించి, అది గడ్డిలో సరిగ్గా కూచుందో లేదో చూడడానికి కిందికి వంగాడు. లొట్టి పదిలంగానే కూచుంది.

పర్శరాములు పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు కూతురు స్వరూప తండ్రి దగ్గరే, నగరంలో ఒంటిగది ఇంట్లో ఉంటోంది. ఆ లొట్టినీ వెంట తెచ్చుకుంది. గది మూల పైకప్పు కొక్కేనికి ఉట్టి కట్టి, అందులో పెట్టింది. దాన్ని కడగలేదు. వాళ్ళ ఊళ్ళో గీతగాళ్ళు లొట్టిని తోమరు. అడుగున పాత కల్లు చారెడు మిగిలి ఉంటేనే కొత్త కల్లు పొంగుతుందని వాళ్ళ నమ్మకం. లొట్టి తోమిన ఇల్లు గీత మానేసిన ఇల్లని అర్థం. మొదటి ఏడాదంతా స్వరూప ఆ ఉట్టి కింద గోడకానుకుని కూచునేది. రెండో ఏడాది సందు చివరి బేకరీలో బన్నులు చేసే పనికి కుదిరింది. సాయంత్రం జుట్టులో మైదాపిండితో ఇంటికొచ్చి, బేకరీ ముచ్చట్లు ఒకటో రెండో చెప్పేది. ఆ ఒకటి రెండు ముచ్చట్ల కోసం మొగులయ్య పొద్దున్నుంచి ఎదురుచూసేవాడు.

పరిశోధనశాలలో అతని పై అధికారి డాక్టర్ నీలవేణి. గోదావరి జిల్లా మనిషి. పదిహేనేళ్ళుగా ఈస్ట్ మీద పనిచేస్తోంది. ఈస్ట్ అంటే కల్లును పొంగించేదీ, బన్నును ఉబ్బించేదీ అయిన ఆ కంటికి కనపడని జీవి. పోనీ మొత్తం ఈస్ట్ మీదనా అంటే అదీ కాదు. అందులో డీఎన్ఏను నకలు తీసే పాలిమరేజ్ అనే యంత్రం ఒకటి ఉంటుంది. ఆ యంత్రానికి ఉన్న నాలుగు భాగాల్లో ఒక చిన్న భాగం మీద. అది లేకపోయినా నకలు పని ఆగదు. ఆగనిదాని మీద పదిహేనేళ్ళేమిటమ్మా అని తోటివాళ్ళు వేళాకోళం చేసేవారు. నీలవేణి నవ్వి ఊరుకునేది. ఊరుకోవడమంటే మానుకోవడం కాదు కదా.

ఒకనాటి ఉదయం ఆమె ఒక ఫ్లాస్కు పట్టుకుని గాజుసామాను గదిలోకి వచ్చింది. అందులో ఏమీ పెరగకూడదు. మిగతా ఫ్లాస్కులు శుభ్రంగా ఉన్నాయని రుజువు చూపడానికి దాన్ని ఉత్త చక్కెరనీళ్ళతో పక్కన పెడతారు. అదిప్పుడు కుడితిలా తెల్లబారి ఉంది.

"ఇందులో ఏమైనా పోశారా మొగులయ్య గారూ?"

"ఏం పొయ్యలే మేడం" అన్నాడు. ఫ్లాస్కు వైపు చూసి, "జర అడుగు పోసిన" అన్నాడు.

"అడుగా?"

"పక్క సీసాల మిగిలింది మేడం. కొత్త లొట్టికి పాత లొట్టి అడుగు పొయ్యంది పొంగదు గదా. అన్ని సీసాలు పొంగుతుంటె గిదొక్కటి ఉత్త నీళ్ళోలె కూసున్నది. పాణం ఒప్పలే."

మూడు వారాల పని ఎందుకూ కొరగాకుండా పోయింది. నీలవేణి కోప్పడదామని నోరు తెరిచింది. కానీ అతని ముఖంలో తప్పు చేసినవాడి భయం లేదు, ఆకలిగా ఉన్నవాడికి ముద్ద పెట్టినవాడి సిగ్గు ఉంది. ఆమెకు నవ్వొచ్చింది. స్టూలు లాక్కుని కూచుని, ఎన్నడూ ఎవరూ అతనికి చెప్పనిది చెప్పింది.

ఈస్ట్ కణం రెండుగా చీలేముందు తన డీఎన్ఏ దారాన్ని నకలు తీసుకుంటుంది. ఆ దారం చిన్న చిన్న ఉండలకు చుట్టుకుని ఉంటుంది. ఏ జన్యువు తెరిచి ఉంచాలో, ఏది మూసి ఉంచాలో చెప్పే గుర్తులు ఆ ఉండల మీద ఉంటాయి. దారం నకలైతే చాలదు. పాత ఉండల్లో సగమైనా కొత్త దారానికి చేరాలి. చేరకపోతే కొత్త కణానికి అక్షరాలన్నీ ఉంటాయి గానీ అమ్మ ఎలా బతికిందో గుర్తుండదు. పాత ఉండల్ని జారిపోనివ్వకుండా కొత్త దారానికి అప్పగించేది ఈ చిన్న భాగమే.

ఆమె రెండు ప్లేట్లు చూపించింది. ఒకదాని మీద ఈస్ట్ తెల్లగా పెరిగింది. రెండోదాని మీద ఎర్ర చుక్కలు, వాటి అంచుల్లో తెల్ల చీలికలు. "ఒక జన్యువును మూసి ఉంచాలన్న సంగతి గుర్తున్నంత కాలం ఎర్రగా ఉంటాయి. మరిచిపోతే తెల్లబడతాయి. ఆ భాగం తీసేసినవి తొందరగా మరిచిపోతాయి."

మొగులయ్య చాలాసేపు చూశాడు. "అంటే కింద నిలబడి అందుకునేటోడు" అన్నాడు. "వాడు లేకుంటె లొట్టి వస్తది. అండ్ల కల్లు రాదు."

పదిహేనేళ్ళలో తన పనిని ఇంత చక్కగా చెప్పినవాళ్ళు లేరని నీలవేణికి అనిపించింది. అందుకే ఇంకా లోకానికి చెప్పని మూడో ప్లేటు అతనికి చూపించింది. దాని మీద చుక్కలన్నీ నిండు కుంకుమ బొట్లు. ఎక్కడా చీలిక లేదు. ఆ చిన్న భాగాన్ని తిరగరాసి, ఒక్క ఉండ కూడా జారకుండా పట్టుకునేలా చేసింది. ఇవి వెయ్యి తరాలు గడిచినా మొదటి తల్లి నేర్చినదేదీ మరవవు.

"కానీ ఇవి ప్రయోగశాలలో పుట్టినవి. వీటికి గుర్తుంచుకోవడానికి ఏమీ లేదు" అంది నీలవేణి. "ఒక చోట బతికిన ఈస్ట్ కావాలి నాకు. మీ ఊళ్ళో లొట్టి ఎన్నాళ్ళు తోమకుండా ఉంచుతారు?"

"మా స్వరూప దగ్గర ఒకటున్నది మేడం. రెండేండ్లాయె" అన్నాడు మొగులయ్య. అన్నాక గానీ ఏమన్నాడో తెలియలేదు.

కూతురిని అడగలేదు. అడిగితే ఒప్పుకోదని తెలుసు. ఆమె బేకరీకి వెళ్ళాక స్టూలు ఎక్కి, గరిట కాడతో లొట్టి అడుగు గీకాడు. గోధుమరంగు పొడి చిటికెడు రాలింది. కాగితంలో పొట్లం కట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. సొంత కూతురి దగ్గరే దొంగతనం చేసినవాడు, ఉట్టిని ఎప్పట్లా సర్దిపెట్టి దిగాడు.

ఎండిన అడుగులో ఈస్ట్ చచ్చిపోదు, నిద్రపోతుంది. రెండేళ్ళుగా అది చీలలేదు, కాబట్టి ఏదీ మరవలేదు. నీలవేణి దాన్ని నిద్రలేపి, తాను తిరగరాసిన చిన్న భాగాన్ని, ఆ బిగిచెయ్యిని, అందులో పెట్టింది. మరిచిందో లేదో తెలిపే ఎర్ర గుర్తును కూడా పెట్టింది. తర్వాత ఉత్త చక్కెరనీళ్ళలో వదిలింది.

మూడోనాడు ఉదయం ఫ్లాస్కు మూత తీసింది. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. గది నిండా మెల్లగా ఒక వాసన పరుచుకుంది. ముందు పచ్చి తాటిగెల కోసిన వాసన. తర్వాత వాగు మీది తడిగాలి. తర్వాత తంగేడు పూల పొగ. కొత్త లొట్టికి తంగేడు పూల పొగ పట్టించేది ఆ ఊరు మొత్తమ్మీద పర్శరాములు ఒక్కడే. అది చూసి అందరూ నవ్వేవారు. అన్నిటి వెనకా, చాలా పల్చగా, చెమట పట్టిన మనిషి చేతి వాసన.

మొగులయ్య చేతిలోని సీసా పక్కన పెట్టేశాడు. గోడలు పక్కకు తొలగి, నెత్తిమీద ఎక్కడో ఎత్తున తాటాకులు గలగలలాడుతున్నట్టుంది. చేతులు వాటంతటవే పైకి లేచాయి.

"ఇదెలా సాధ్యమో నాకూ పూర్తిగా అర్థం కావడం లేదు" అంటోంది నీలవేణి. "ఆ రోజు ఆ కల్లులో ఏయే తలుపులు తెరుచుకున్నాయో అన్నీ అలాగే తెరిచి ఉన్నాయి. దానికిది ఇంకా ఆ రోజే."

పరిశోధనశాల దాటి ఏదీ బయటికి పోకూడదని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆ గోడను రోజూ తుడిచేది మొగులయ్యే. ఆ సాయంత్రం అతని టిఫిను డబ్బా అడుగు గిన్నెలో ఆ ఫ్లాస్కులోని అరగ్లాసు చక్కెరనీళ్ళు ఇల్లు చేరాయి.

స్వరూప మూత తీసి వాసన చూసింది. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. నిద్రలో ఎవరో పిలిస్తే ఇటు తిరిగినట్టు మెల్లగా తల తిప్పి తలుపు వైపు చూసింది. తర్వాత గిన్నెను ఒళ్ళో పెట్టుకుని, "ఏడ దొరికింది నాయినా?" అంది. మొగులయ్య గీకిన సంగతితో సహా అంతా చెప్పాడు. ఆమె కోపగించుకోలేదు. రెండేళ్ళలో మొదటిసారి ఆ రాత్రి అన్నం మారు పెట్టించుకుంది. మొగులయ్య గుండె నిండిపోయింది. తాను చేసింది తప్పైతే, ఇలాంటి తప్పు ఇంకో వంద చేస్తాననుకున్నాడు.

అడుగును ఎలా నిలపాలో గీతగాడి బిడ్డకు ఎవరూ నేర్పక్కర్లేదు. స్వరూప రోజూ చక్కెరనీళ్ళు కలిపి, పాతది కొంచెం ఉంచి కొత్తది పోసేది. గది ఎప్పుడూ చైత్రమాసపు ఉదయంలా ఉండేది. బయట వానలు మొదలయ్యాయి, సందులో మోకాలిలోతు నీళ్ళు నిలిచాయి. గదిలో మాత్రం తంగేడు పూస్తూనే ఉంది. స్వరూప కళ్ళు సగం మూసుకుని గోడకానుకుని కూచునేది. పెదవుల మీద చిన్న నవ్వు ఉండేది. ఒక్కోసారి మొగులయ్య కూడా పక్కన కూచుని కళ్ళు మూసుకునేవాడు. ఇద్దరూ వాగు ఒడ్డున ఉన్నట్టే ఉండేది. అబద్ధమాడడం ఎందుకు, అవి మంచి రోజులే.

ఒకనాడు బేకరీ నుంచి మనిషి వచ్చి స్వరూప పనికి రాక పన్నెండు రోజులైందని చెప్పాడు. అప్పుడు మొగులయ్య కూతుర్ని పరీక్షగా చూశాడు. మెడ ఎముకలు బయటపడ్డాయి. పొద్దున పెట్టిన కంచం పొద్దున పెట్టినట్టే ఉంది.

"బేకరీకి పోతలేవా బిడ్డా?"

"ఆయన చెట్టు దిగినంక పోత" అంది, అది మామూలు మాటే అయినట్టు.

మొగులయ్య గిన్నె వైపు తిరిగి చూశాడు.

అదే వారంలో నీలవేణి లొట్టి ఈస్ట్ ప్లేట్లు వరసగా పరిచి చూసుకుంటోంది. మొగులయ్య గాజు కడగడం ఆపి వచ్చి నిలబడ్డాడు. కుంకుమ బొట్లు చిన్నవయ్యాయి. మొదటి ప్లేటు మీద పప్పుబద్దంత ఉన్నవి, ఇప్పుడు ఆవగింజంత కూడా లేవు.

"ఏమైంది మేడం?"

"తిండి తినడం లేదండీ" అంది నీలవేణి నీరసంగా. "చక్కెర ముందే ఉంది. కానీ ఇవి ఆ రోజు చెట్టు ఇచ్చిన దానికోసమే నోరు తెరుచుకుని కూచున్నాయి. కొత్త తిండి తినాలంటే పాత తలుపు ఒకటి మూయాలి. వీటికి మూయడం రాదు. కొన్నాళ్ళు మొదట్లో తిన్నదాని మీద బతికాయి. అన్నం ముందు పెట్టుకుని ఆకలితో చచ్చిపోతున్నాయి." ఆమె కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "మరుపును జబ్బనుకున్నాను నేను. ఇన్నేళ్ళూ దానికి మందు వెతికాను."

"ఎన్ని దినాలుంటయి?"

"ఇరవై. మహా అయితే పాతిక."

మొగులయ్య ఆమె కాళ్ళ దగ్గర కూచుండిపోయాడు. టిఫిను డబ్బా సంగతి, బేకరీ సంగతి, ఎముకలు తేలిన మెడ సంగతి అన్నీ చెప్పేశాడు. కొలువు పోతే పోయింది. "అల్లుని కాడ లేకపోతిని. బిడ్డ కూడ నా చేతులకెల్లి జారిపోతున్నది మేడం" అన్నాడు. నీలవేణి తిట్టలేదు. ప్లేట్లు మూసి పక్కన పెట్టి, "పదండి, మీ ఇంటికి వెళ్దాం" అంది.

గది గుమ్మంలోనే ఆమె ఆగిపోయింది. ఫ్లాస్కులో పీల్చిన వాసన వేరు, మనిషి కాపురముంటున్న వాసన వేరు. స్వరూప లేచి చాప పరిచింది. నీలవేణి దాచకుండా చెప్పింది. ఈ ఈస్ట్ చచ్చిపోతోంది. బతికించే దారి ఒక్కటే ఉంది. ఆ పట్టుకునే చెయ్యిని పూర్తిగా తీసెయ్యడం. చీలిన ప్రతిసారీ కొంచెం కొంచెం మరిచిపోతుంది. వారం పది రోజుల్లో ఈ వాసన ఉండదు. మళ్ళీ రాదు. కానీ తింటుంది, పెరుగుతుంది.

"మీరు వద్దంటే ముట్టుకోను" అంది నీలవేణి. "ఇది నాకూ పదిహేనేళ్ళ పని. నాకూ మనసొప్పడం లేదమ్మా. కానీ ఇది మీ లొట్టిలోది."

స్వరూప తండ్రి వైపు తిరిగింది. రెండేళ్ళుగా అననిది ఇప్పుడంది.

"ఆ దినం నువ్వు కింద ఉంటె ఆయన వంగకపోవు."

"అవును బిడ్డా" అన్నాడు మొగులయ్య.

"లొట్టి కోసం వంగిండు. గీ మట్టి లొట్టి కోసం."

"అవును. నేనుంటె వంగకపోవు. ఆ మాట నువ్వెప్పుడంటవా అని రెండేండ్ల సంది నీ మొకం దిక్కు చూస్తున్న."

స్వరూప అప్పుడు ఏడ్చింది. ఎన్నాళ్ళదో దుఃఖం, అడ్డూ ఆపూ లేకుండా వచ్చింది. నీలవేణి కిటికీ వైపు తిరిగి నిలబడింది. వాన తెరిపిచ్చింది. చివరికి స్వరూప గిన్నె మూత తీసి లోపలికి చూసింది. చక్కెరనీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. నాలుగు రోజులుగా ఒక్క నురగ బుడగ కూడా లేవలేదని ఆమెకు ముందే తెలుసు. గీతగాడి బిడ్డకు ఆ మాత్రం తెలియకపోదు.

"ఆయనది ఆకలి జూడలేని గుణం" అంది గిన్నెతోనే చెబుతున్నట్టు. "వచ్చినోల్లకు తాగిపిచ్చి ఉత్త చేతుల్తోని ఇంటికొచ్చేటోడు. ఆయన పేరు జెప్పి ఇవి ఆకలితోని సావొద్దు." గిన్నెను రెండు చేతులా నీలవేణికి ఇచ్చింది. "బతకనియ్యిండ్రి మేడం. మరిచినా మంచిదే."

పదకొండో నాడు మొగులయ్య పరిశోధనశాల నుంచి ఒక ప్లేటు ఫొటో ఫోనులో తీసుకొచ్చి చూపించాడు. మొదటి వరసలో ఎర్ర చుక్కలు. తర్వాతి వరసలో అంచులు తెల్లబడ్డాయి. ఆ కింది వరసలో ఎరుపు ఒక సన్నటి చీలిక. చివరి వరసలో అన్నీ తెల్లగా, బొద్దుగా, సందు లేకుండా ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉన్నాయి. నీలవేణి ఆ ఎర్ర చీలికనే ఉదయమంతా చూస్తూ కూచుందని అతను చెప్పాడు. స్వరూప ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి చూసింది.

"మస్తు తింటున్నయా?"

"మస్తు."

ఆ ఆదివారం పొద్దున ఆమె బకెట్లో నీళ్ళు పట్టింది. చింతపండూ బూడిదా పక్కన పెట్టుకుంది. గది కిటికీ తెరిచి ఉంది. బేకరీలో మొదటి వాయి దిగిన వాసన, కొత్త రొట్టె వాసన, సందులోంచి లోపలికి వస్తోంది. స్వరూప స్టూలు మీదికెక్కి ఉట్టి తాడు ముడి విప్పింది. తాడు కొక్కెం మీదుగా ఆమె చేతుల్లోకి వచ్చింది. లొట్టి ఒకసారి ఊగి, గాలిలో నిలిచింది.

"నాయినా" అంది. "అందుకో."

మొగులయ్య కుంటికాలు ఈడ్చుకుంటూ వెళ్ళి కింద నిలబడి రెండు చేతులూ చాచాడు. స్వరూప కొక్కెం వైపే చూస్తూ, కిందికి చూడకుండానే తాడు వదిలింది.